మూట పిండలేదు

"మామ్మా, నువ్వు ఇంట్లో బీరు కాచావంట కదా? చర్చిలో చెప్పీమంటావా?"

చెప్పుకో. మైకు పట్టుకుని మరీ చెప్పుకో, నాకేటి భయం? ముందు ఆ ఫోను నా మొహమ్మీంచి తియ్యి, పక్కన పెట్టినా రికార్డవుతుంది కదా.

ఏటంటే, అది మీ తాత రిటైరైన ఏడాది. ఛత్తీస్‌గఢ్ కొత్తగా వచ్చింది గానీ దుకాణాల బోర్డుల మీద ఇంకా మధ్యప్రదేశే. ఉక్కు ప్లాంటు క్వార్టరు ఖాళీ చేసి ఈ స్మృతి నగర్ ఇంటికొచ్చాం. మర్నాడే నా వంటింట్లో కుర్చీ వేసుక్కూచున్నాడు మనిషి. ఉప్మాకి మంట తగ్గించు, పప్పుకి పెంచు. ముప్పై ఏళ్లు కరిగిన ఉక్కు దగ్గర నిలబడ్డాడు కదా, వేడంటే తనకే తెలుసు. ఫర్నేసులోకి చూసే నీలం అద్దం ఉంటాది చూడు, అదింకా జేబులోనే.

అప్పుడు మా మేనల్లుడు రాజు... కాదు, రాజు చిన్నోడు, పెద్దోడు జాను, ఓడ మీద పనిచేసీవోడు, రెండు డబ్బాలు తెచ్చాడు. ఇంట్లో బీరు చేసుకునే సామాను. ఒక్కోదాన్లో బెల్లప్పాకంలాంటి మాల్టు టిన్ను, వేయించి నలగ్గొట్టిన బార్లీ గింజల పొట్లం, ఈస్టు. గింజల్ని గుడ్డలో మూటగట్టి వేడినీళ్లలో అరగంట నానబెట్టాలి. వేడి డెబ్బై డిగ్రీలు దాటకూడదు, నీళ్లు తెర్లకూడదు, మూట పిండకూడదు. తరవాత ఆ నీళ్లలోనే పాకం కలిపి కాచి, చల్లారాక ఈస్టు వేసి పులియనిచ్చి సీసాల్లో పొయ్యాలి. జాను చదివి చెప్పి మరీ వెళ్లాడు.

మీ తాత వింటాడా? "డెబ్బై డిగ్రీలా? అదీ ఒక వేడేనా" అనీసి, నీలం అద్దంలోంచి గిన్నెలోకి చూస్తూ గింజల్ని తెర్లించీసాడు. మూట మెలేసి పిండీసాడు. నెల పోయాక సీసా తీస్తే కరక్కాయ కషాయం. నాలిక అంగిలికి అంటుకుపోయింది. "డబ్బా నకిలీది" అన్నాడు.

"రెండోది నేను చేస్తాను. బాగోపోతే ఈ వంటిల్లు మీదే, నోరెత్తను. బాగుంటే ఆ కుర్చీ బయటికెళ్లాలి" అన్నాను. ఓడిపోతే బతుకంతా పెంచు, తగ్గించు.

గిన్నె అడుగున గసగసాల్లాగ బుడగలు లేచాయి, స్టవ్ కట్టీసాను. మూట దించి మూత పెట్టాను.

"ఇంకా కాగలేదు."

"తెలుసు."

"కొంచెం మంట..."

"తెలుసండీ."

అరగంటయ్యాక మూట ఎత్తి పట్టుకున్నాను. చుక్కచుక్కా కారిందాకా, చెయ్యి పీకేసినా పిండలేదు.

నెలకి సీసా తీశాం. అద్దంలోంచి చూశాడు. అద్దం దించి తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. గ్లాసు తనే కడిగి బోర్లించి, కుర్చీ ఎత్తుకుని వరండాలోకెళ్లిపోయాడు. ఇప్పటికీ అక్కణ్ణుంచే అడుగుతాడు, విను, టీ అయిందా అని. అయినప్పుడవుతుంది.

ఏటి నవ్వుతావు, గుంటా? రేపు నీకూ ఒక పొయ్యుంటుంది. ఎప్పుడూ మంట నీ చేతిలోనే ఉండాలి తల్లీ, చల్లగుండు. చర్చిలో చెప్పినప్పుడు, మూట పిండలేదని కూడా చెప్పు.