చెయ్యెత్తి చూస్తే

హలో… ఆ, నేనే, హమ్జా తండ్రి జలాలుద్దీన్‌నే… ఎవరు? ఫిజిక్స్ చెప్పే శ్రీశైలం సారా… చెప్పుండ్రి.

మణికట్టు బొక్క ఇరిగింది సార్. దవాఖానల పట్టీ కట్టిండ్రు…

జర జోర్‌గ తగిలిందా? నాలుగో దెబ్బకే పిల్లగాని చేతిల చాక్‌పీస్ కింద పడ్డదంట. ఐదోది ఎందుకేసిండ్రు…

లేదు, పోలీస్ స్టేషన్‌కు పోలే…

ఆ, కొట్టుండ్రని చెప్పిన. నేనే చెప్పిన. కాలేజీల చేర్పించిన నాడు మీ చేతుల పెట్టి, తోలు మీది, బొక్కలు మావి అన్న. మా పెద్దలు ఉస్తాద్‌కు గట్లనే అంటుండె… బొక్క మాది గద సార్. దాన్నెందుకు ముట్టిండ్రు…

పొద్దుగాల ముల్లుగర్ర పట్కొని వనపర్తికి, మీ కాలేజీకి బయలెల్లిన. మీ చెయ్యి గూడ గట్లనే ఇరగ్గొడదామని… ఎందుకు రాలేదంటరా —

పెబ్బేరు సంతల ఇరవై ఏండ్ల సంది ఎడ్ల బేరం చేస్తున్న. కొనే ముందు ఎద్దు మొకం కాడ చెయ్యెత్తి చూస్త. బెదిరిందంటే దెబ్బలు తిన్నదన్నట్టు. గసొంటిది బరువు పెట్టంగనే పండుకుంటది… పొద్దుగాల గోడ మొలకు తగిలిచ్చిన టోపీ కోసం చెయ్యెత్తిన సార్. మా హమ్జా పట్టీ చెయ్యి మొకానికి అడ్డం పెట్టుకున్నడు…

మీరొక్కరే కాదు. మొన్న మార్కులు చూసి నేను గూడ చర్నకోల తీసిన. వీపు మీద వాతలు ఇంక మానలే. నా పాపం నాకెరుకే…

వానికి జవాబు రాక కాదు సార్. ఆగిన బండి కదలనీకి ఎడ్లు ఎందుకంత గుంజాలె, కదిలినంక ఎందుకు అల్కగ పోతదో మా కొట్టంల నాకు చెప్పిండు. వేలిముద్ర ఏసే నాకే సమజైంది. మీరడిగింది గూడ గదే గద… బోర్డు కాడ వాడు మీ కట్టెనే చూస్తడు సార్, బోర్డును చూడడు…

చదువు బంద్ చేస్తనంటుండు. సంతకే వస్తడంట…

మాఫీ వద్దు. ఒక్క పని చేయుండ్రి. గదే ప్రశ్న ఇప్పుడు మల్ల అడుగుండ్రి. ఫోన్‌ల నుంచి కట్టె రాదు… చెప్పిండా, సోమవారం నేనే తోల్కొస్త. ఆ దినం మీ చేతుల కట్టె కనిపిస్తే మాత్రం, మీ బొక్కలు నావి…

సరే. ఆగుండ్రి.

హమ్జా, ఇటు రా బేటా… మీ సార్. తిడ్తలేడు, అడుగుతడంట. తీస్కో —

హమ్జా…

చెయ్యి దించు నాయనా. కొడ్తలేను. ఫోన్ ఇస్తున్న.