పిక్క మాంసం

1934లో తాడేపల్లిగూడెం మిషన్ పేటలో ఒక తల్లి పొద్దున్నుంచీ ఊకపొయ్యి మీద పెద్దమాంసం ఉడికిస్తోంది. ఏలూరులో బడిపంతులుగా ఉన్న కొడుకు ఇంటికొచ్చి, గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు.

“ఆ ముక్కు ఈ పొగలోనే పెరిగింది నాయనా.”

“నేను తిననమ్మా. పప్పుంటే పెట్టు.”

“పిక్క ముక్కరా. రాత్రికి నీతో కూర్చుని తినాలని మీ నాన్న తెచ్చాడు. పళ్లు లేని మనిషి, మెత్తబడేదాకా చూస్తున్నాడు.”

“ఇది తింటే మా హెడ్మాస్టరు గారు గడప తొక్కనివ్వరు.”

“తినడం మానేశావుగా. తొక్కనిచ్చారా?”

“మొన్న భోజనానికి పిలిచారు.”

“పిలిచి, ఎక్కడ పెట్టారు?”

“అరుగు మీద.”

“తిన్నాక ఆకు ఎవరు తీశారు?”

“నేనే.”

ఆమె గరిటెతో ముక్కను నొక్కి చూసింది. మళ్లీ మూత పెట్టింది.

“ఆ అరుగు కోసమా, మీ నాన్న పక్కన పీట వద్దంటున్నావు?”