పులి నోట్లో వైడు లెన్సు

"కూర్చోండి సార్, టీ వస్తాది. అప్పుడే ఎవురికీ మాటియ్యబాకండి. మీ బిడ్డ పెండ్లి ఫోటోలు ఎవురు తీయాల్నో ఈ టీ అయిపోయేలోపల మీకే తెలిసిపోతాది," అని మొదలుపెట్టాడు జీవరత్నం.

నంద్యాల బస్టాండు ఎదురుసందులో రామేశ్వరమ్మ టీ అంగడి అది. బెంచీ మీద ఒక కొసన ఆళ్ళగడ్డ నుంచి వచ్చిన ఆనందరావు మాస్టారు, ఇంకో కొసన పక్కనున్న ఇనుప సామాన్ల అంగడి దినేశ్. జీవరత్నం మెడలో కెమెరా వేసుకొని నిలబడే ఉన్నాడు. ఆనందరావు కూతురు ప్రియదర్శిని పెండ్లి వచ్చే నెల. పొద్దున్నుంచీ మూడు స్టూడియోలు తిరిగి ఏదీ తేల్చుకోలేక ఇక్కడికొచ్చి కూర్చున్నాడు. జీవరత్నానికి ఈ ఏడు ఒక్క పెండ్లీ దొరకలేదు. ఆ మాట ఆయన చెప్పలేదు గానీ ఆ సందులో అందరికీ తెలుసు.

"నాకు డ్రోన్లొద్దప్పా," అన్నాడు ఆనందరావు. "మా పెద్దబిడ్డ పెండ్లి ఆకాశంలోనుంచి తీసినారు. అందరి నడినెత్తులు పడినాయి. మా పాపది ఏదో, వియ్యపురాలిది ఏదో పూలను బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది. ఈసారి నాకు మొగాలు కావాల. అంతే."

"మొగాలా? అట్లయితే సరైన మనిషి కాడికే వచ్చినారు సార్! ఇదిగో, దీని పేరు ఇరవైనాలుగు ఎమ్మెమ్ము. వైడు లెన్సు, ఎదురుగా ఉన్నదంతా పట్టేస్తాది. ముందుకు తిప్పితే ముందుకు రాదు, ఎనక్కి తిప్పితే ఎనక్కి పోదు, ఉన్నది ఉన్నట్టే. నాకాడ ఇదొక్కటే. జూము లెన్సు గూడా ఉండె, కేసీ కాలవలో పారేసినా. యాల పారేసినావు అని అడగండి. జూము అనేది సోమరోని పని సార్. యాడనో కుర్చీలో కూర్చోని మనిషిని దగ్గరికి గుంజుకుంటాడు. దీనితో అట్ల కుదరదు. మొగం కావాలంటే మొగం కాడికి నడిచి పోవాల్సిందే. నా కాళ్ళే నా జూము."

"కాలవలో జారి పడిందంటివి గదన్నా పోయిన ఏడు?" అన్నాడు దినేశ్.

"జారింది చెయ్యి. పారేసింది మనసు. నువ్వు మధ్యలో మాట్లాడబాక. సార్, ఆ పైన చూడండి, టీపొడి డబ్బాల మింద పటం. రామేశ్వరక్క బిడ్డ పెండ్లి, ఆళ్ళగడ్డలో వాళ్ళ ఇంటి ముందర. పెండ్లికొడుకు, పెండ్లికూతురు, నూటపన్నెండు మంది సుట్టాలు, షామియానా గుంజలు నాలుగూ, వంటోళ్ళు, వాళ్ళ గుండిగలు, ఎనకాల రోడ్డు మింద పోయే కోయిలకుంట్ల బస్సు. ఒక్క క్లిక్కు! ఒక్కరు గూడా మిస్సు కాలే. అక్కా, ఆ మూల అద్దం మింద కుంకం మరకుండాది, ఎన్నిసార్లు చెప్పినా తుడవవు. నా పనితనం చెడిపోతాంది."

రామేశ్వరమ్మ పాలు పొంగకుండా మంట తగ్గించింది.

"ఇదేముంది లెండి. పాణ్యంలో ఒక ఇంట్లో కృతజ్ఞత కూడిక జరిగె. పదడుగుల గది, నలభై మంది జనం. ఇంగొక ఫోటోగ్రాఫరు జూమేసుకోని వచ్చినాడు. అందరూ పడాలని ఎనక్కి పోయినాడు, గడప దాటినాడు, వాకిలి దాటినాడు, వీధిలో పేడలో కాలు పెట్టినాడు. అయినా పన్నెండు మందే పడినారు. నేను పోయినా. గోడకు వీపు ఆనించినా. క్లిక్కు! నలభై మందీ పడినారు, పాస్టరు చేతిలో బైబిలు పడింది, అటక మింద పిల్లి గూడా పడింది."

"ఇది నమ్మొచ్చు," అన్నాడు ఆనందరావు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. జీవరత్నం చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"నమ్మాల్సినవి ఇంగా ఉండాయి సార్. కొలిమిగుండ్ల కాడ బెలుం గుహలు మీరు చూసే ఉంటారు. మూడు కిలోమీటర్లకు పైన, లోపలంతా వంకరటింకర దావ. ఎవురైనా ముక్కలుముక్కలుగా తీస్తారు. నేను వాకిలి కాడ నిలబడి ఒక్కటి కొట్టినా. మొత్తం పడింది."

"మలుపులుంటాయి గదన్నా, మలుపు అవతలది ఎట్ల పడతాది?" అన్నాడు దినేశ్.

"వైడు గదప్పా. మలుపు కాడ ఇది గూడా మలుక్కుంటాది. కడాకు ఆ చివర ఒగాయప్ప పులిహోర తింటాండాడు, ఆయప్ప గూడా పడినాడు. పొట్లం కాగితం మింద పాత పేపరు చదువుకోవచ్చు. నేను చదివినా. కందుల ధర ఉండాది."

దినేశ్ టీ గుటక సగంలో ఆపుకున్నాడు. నవ్వితే కత ఆగిపోతుందని భయం.

"అసలు కత అది గాదు సార్. పోయిన డిసెంబరు, క్రిస్మస్‌కు ముందర. ప్యాపిలి జంట ఒకటి, పెండ్లికి ముందు ఫోటోలు అడివిలో కావాలన్నారు. ఆళ్ళగడ్డ మింద నుంచి అహోబిలం దావన పోయినాం. పిల్లకు ఎర్ర గౌను, పిల్లోనికి నల్లద్దాలు. నేను వాళ్ళను నిలబెడతాండా, ఎండ ఎట్లుండాదో చూస్తాండా. ఉన్నట్టుండి పిల్లోడు కారెక్కినాడు. పిల్ల వాన్ని తోసుకోని ఎక్కింది. ఏందబ్బా అని ఎనక్కి తిరిగితే పులి!"

"నల్లమల పులా?" అన్నాడు దినేశ్.

"మరి నీ అంగడి పులా? బస్సులో సగముండాది. నన్నే చూస్తాండాది. నేనేం చేసినా? కెమెరా ఎత్తినా. ఇరవై అడుగుల కాడ నుంచి చూస్తే వైడులో మిడత మాదిరి ఉండాది. ఈ మిడతను తీసకపోయి పులి అంటే నంద్యాలలో ఎవురన్నా నమ్ముతారా? జూముంటే ఆడ్నే నిలబడి గుంజుకుందు. లేదు గదా. నడిచినా. పదడుగులకు పిల్లయింది. ఐదడుగులకు కుక్కయింది."

గ్లాసులు కడుగుతున్న రామేశ్వరమ్మ తలెత్తింది. "కుక్కంత అయినాక గూడా నడిచినావా?"

"నడిచినా అక్కా! కుక్క నాకొక లెక్కా? మూరెడు దూరానికి పోతే అప్పుడు పులి పులంత అయింది. మొగం నీడలో ఉండాది. 'ఎలుగుకు తిప్పు' అన్నా. తిప్పింది. 'గదవ కొంచెం దించు' అన్నా. దించింది. పెండ్లికొడుకులు గూడా అంత మాట ఇనరు సార్. అప్పుడు దానికి ఆవలింత వచ్చింది, ఇంత నోరు తెరిచింది. ఆ తర్వాత ఏమైందో తెల్సునా?"

"తలకాయ పెట్టింటావు," అన్నాడు దినేశ్.

"తలకాయ పెడితే కొండనాలుక వరకే పడతాది. నేను మొత్తం మనిషినే లోపలికి పోయినా. చెప్పులిడిచి పోదామనుకున్నా గానీ పులి నాలిక గరుగ్గా ఉంటాది, కాళ్ళు గీసుకపోతాయని ఏసుకోనే పోయినా. దవడపన్ను కాడ చోటు చూసుకోని కూర్చున్నా. పండ్లు లెక్కబెట్టినా, ముప్పై. ఎడంపక్క ఒకటి పుచ్చింది. బయటికి తిరిగి కెమెరా ఎత్తినా. సుట్టూ పండ్లు, పటానికి చట్రం కట్టినట్టు. మధ్యలో కారు, కార్లో ఏడుస్తాండే జంట, ఎనకాల కొండ, కొండ ఎనకాల ఆళ్ళగడ్డ బస్టాండు, ఆడ శనక్కాయలమ్మే ఆయమ్మ, ఆ ఎనక ఎక్కడో నంద్యాల స్టేషన్లో గడియారం. పదకొండూ ఇరవై. నా వాచీ చూసుకుంటే రెండు నిమిషాలు ఎనక ఉండాది. ఆడ్నే సరిచేసుకున్నా."

"పులి నోట్లోనా?"

"మరి తప్పు టయిముతో తిరగాల్నా? లోపల చీకటి గదా సార్, ఫ్లాషేసినా. పులికి తుమ్మొచ్చింది. ఆ తుమ్ముకు లేచినా చూడండి, కొండ మిందనుంచి, మబ్బుల్లోనుంచి! ఊరికే పోతానా? ఆడ్నుంచి ఇంగొకటి కొట్టినా. నంద్యాల, ఆళ్ళగడ్డ, మధ్యలో పొలాలు, కాలవలు, అన్నీ ఒక్క దాంట్లోనే. మీ ఇల్లు గూడా పడింది సార్. మిద్దె మింద మేడమ్ గారు వడియాలు ఎండేసినారు, అవునా కాదా?"

"మాకు మిద్దె లేదప్పా. రేకులు."

"రేకుల మింద ఎండేసినారే అనే గదా నేను ఆశ్చర్యపోయింది! సరే, కడాకు పోయి ఒక బస్సు టాపు మింద పడినా. దేవుని కృప, నంద్యాల పోయే బస్సే. కండక్టరు పైకెక్కొచ్చి టికెట్టు యాడ్నుంచి కొట్టాల అంటాడు. పులి కాడ నుంచి కొట్టు అన్నా. ఆ స్టేజీ మిషన్లో లేదంటాడు. ఆళ్ళగడ్డ నుంచి కొట్టించుకోని, వచ్చి, ఇదే బెంచీ మింద కూర్చోని టీ తాగినా."

దినేశ్ ఇక ఆపుకోలేక నవ్వాడు. ఆనందరావు నవ్వలేదు. పరీక్ష పేపరు అడిగినట్టు చెయ్యి చాపాడు.

"ఆ ఫోటో చూపీ."

"ఏది సార్?"

"పులి నోట్లోనుంచి తీసింది."

జీవరత్నం కెమెరా పట్టీ సర్దుకున్నాడు. "అదే గదా సార్ నా బాధ. వైడు లెన్సుతో ఒక్కటే చిక్కు. ఏమరపాటున ఉంటే తీసేటోని కాళ్ళు గూడా కింద పడిపోతాయి. ఆ ఫోటోలో నా కాళ్ళు పడినాయి. ఎంత మంచి ఫోటో గానీ, నా కాళ్ళు పడినాయంటే నా స్టూడియో గడప దాటదు. ఇరవై ఏండ్ల నుంచి అది నా నేమం. ఆడ్నే చెరిపేసినా. ఒక్కటంటే ఒక్కటి బయటికి పోయిందని ఎవురినన్నా చూపిచ్చమనండి, ఈ కెమెరా గూడా కాలవలో ఏస్తా."

రామేశ్వరమ్మ పొయ్యి ఆర్పింది. చేతులు కొంగుకు తుడుచుకొని, స్టూలెక్కి, టీపొడి డబ్బాల పైనున్న పటాన్ని దించింది. తెచ్చి ఆనందరావు ఒళ్ళో పెట్టింది.

"కింద అంచు చూడండి సార్."

ఆనందరావు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. దినేశ్ వంగాడు. పటం కింది అంచున, సరిగ్గా మధ్యలో, రెండు పాదాలు గాల్లో వేలాడుతున్నాయి. నీలం వార్ల చెప్పులు. దినేశ్ పటం చూశాడు, జీవరత్నం కాళ్ళు చూశాడు.

"అవే అన్నా. ఎడమదానికి అప్పుడు పిన్నీసు లేదు, అంతే తేడా."

"అది మా ఇంటి ప్రహరీ గోడ సార్," అంది రామేశ్వరమ్మ. "దాని మింద కూర్చోనే మా బిడ్డ పెండ్లంతా తీసినాడు. యాలంటే మా కుక్క. పదమూడేండ్ల ముసల్ది. పండ్లు గూడా లేవు, అన్నం పిసికి పెడతాంటిమి. కట్టేసే ఉండాం. అయినా దిగలే."

"అది చూసే చూపు నీకు తెలీదక్కా," అన్నాడు జీవరత్నం మెల్లగా.

దినేశ్ పడీపడీ నవ్వాడు. రామేశ్వరమ్మ ఆ నవ్వు అయ్యేదాకా ఆగింది.

"దానికి నాకు కోపం లేదు. ఆ పొద్దు మేమూ నవ్వినాం. మా ఆయనైతే గోడ కాడ కుర్చీ ఏసి, 'దిగు నాయనా, కుక్కను నేను పట్టుకుంటా' అని శానా సేపు బతిమాలినాడు. ఆయన ఈ ఉగాది ముందర పోయినాడు సార్. గుండెనొప్పి. పొద్దున ఈ పొయ్యి ముట్టించిన మనిషి, మద్యాన్నానికి లేడు. పటం కట్టిద్దామని ఫోటో ఎతికినా. ఫోన్లో లేదు. ఆధార్ కార్డు చూస్తే అది మా ఆయన అని నాకే నమ్మకం కుదరలే. పెండ్లి ఆల్బం తిప్పినా. మూడు నూర్ల ఫోటోలు. అన్నిట్లో ఉండాడు. గుండిగల కాడ ఉండాడు, వాకిట్లో ఉండాడు, ఒగదాంట్లో చేతులూపుతాండాడు. అన్నిట్లో నువ్వుగింజంత. పెద్దది చేయిస్తే మసక, కండ్లేవో నోరేదో తెలీలే. అందుకే ఈ పటమే పెట్టుకున్నా."

ఆమె పటం మూలకు వేలు చూపించింది. కుంకం మరక గుండిగల పక్కన ఉంది.

"పోయినోళ్ళ పటానికి నుదుట బొట్టు పెడతాం గదా. ఈడ పెట్టినా. పెడితే మనిషే కనపడకపోయె."

ఆనందరావు అద్దం తుడవబోయిన చేతిని వెనక్కి తీసుకున్నాడు. దినేశ్ ఖాళీ గ్లాసును బెంచీ కింద పెట్టి తల దించుకున్నాడు.

"పులి నోట్లోకి పోయినోనివి," అంది రామేశ్వరమ్మ, "మా ఆయన కాడికి నాలుగడుగులు రాలేకపోతివే జీవరత్నం."

జీవరత్నం వంగి పటం మూలను చూశాడు. "మరక అనుకున్నా అక్కా," అన్నాడు. తర్వాత, "తప్పయింది," అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన అన్న మాటల్లో అన్నిటికంటే చిన్నది అదే.

ఆనందరావు పటాన్ని జాగ్రత్తగా బెంచీ మీద పెట్టి సంచీ అందుకున్నాడు. "నేను మొగాలే అడిగినా అప్పా," అన్నాడు. కోపంగా అనలేదు. లేచాడు.

"ఉండండి సార్," అంది రామేశ్వరమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంది. వెంట్రుకలు చెవి వెనక్కి సర్దుకుంది. "జీవరత్నం, నాది తీ. ఈడ్నే. ఆయనకు లేకపోయె, నాకన్నా ఒకటుండనీ. రేపు నా బిడ్డ నా మాదిరి ఎతుక్కోకూడదు. మొగం పడిందంటే సార్ పెండ్లికి పిలుస్తాడు. పడకపోతే లేదు."

ఆనందరావు మళ్ళీ కూర్చున్నాడు.

జీవరత్నం నిలబడ్డ చోటునుంచే కెమెరా ఎత్తాడు. అందులో అంగడి మొత్తం కనిపించింది, పొయ్యి, డబ్బాలు, బెంచీ, సందు, సందు చివర బస్టాండు గేటు. రామేశ్వరమ్మ ఎక్కడో మధ్యలో ఉంది. కిందికి చూసి తన చెప్పులు పడలేదని చూసుకున్నాడు. ఒక అడుగు వేశాడు.

"ఆడ్నుంచి తీస్తే పొయ్యి పడతాది," అంది ఆమె.

ఇంకో అడుగు. దినేశ్ కాళ్ళు పక్కకు జరుపుకున్నాడు. ఇంకో అడుగు. ఇప్పుడు ఆమె నుదుటి చెమట కనపడుతోంది గానీ మొహం ఇంకా చిన్నదే. ఎంత దగ్గరికి పోవాలో ఈ సందులో జీవరత్నానికి తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు. ఆగిపోయాడు.

"రా నాయనా, ఇంగా ముందుకు రా," అంది రామేశ్వరమ్మ. "నేనేం కరవనులే."