మొదటావిడ చేతి కూర

బట్టలు కుట్టి బతికే మొదటి భార్య అద్దెగది. పొయ్యి ముందు, ఆమె తర్వాత వచ్చిన రెండో భార్య.

"అక్కా అనకు. నేను నీకు అక్కని కాను."

"మరేమని పిలవనండీ?"

"పిలవొద్దు. ఆ ఉల్లిపాయ ముద్దని వేగనియ్యి. అంత తొందరేం? నా కాపురంలో దూరినప్పటి తొందర చాల్లే."

"నాకప్పటికి మీరున్నారని తెలీదండీ."

"అందరూ ఆ మాటే అంటారు. ఆ గిన్నె మిషన్ మీద పెట్టకు! పెళ్ళివాళ్ళ జాకెట్లున్నాయక్కడ, వాసన పడుతుంది."

"తీశాను, తీశాను. నూనె తేలుతోందండీ. కారం వేసెయ్యనా?"

"వెయ్యి. ధనియాల పొడి కూడా."

"వేశానండీ."

"మణికట్టు మీద ఆ బొబ్బలేంటి?"

"నూనె చిందిందండీ."

"చూసుకోకపోతే చిందదా మరి! చేప ముక్కలు వెయ్యి. గరిట పెట్టావంటే చితికిపోతాయి. గిన్నె పట్టుకుని తిప్పు, అంతే."

"ఇలాగేనా?"

"ఊఁ. ఇంతకీ ఊళ్ళో ఇన్ని గడపలుండగా నా గడపే ఎందుకు తొక్కావు?"

"సాయంత్రం ఆయన స్నేహితులు భోజనానికొస్తున్నారు. వాళ్ళ ముందు పరువు పోకూడదని..."

"ఎవరి పరువు?"

"నాదే."

"భలే. మీగడ పొయ్యి. మొత్తం పొయ్యి. ఇప్పుడు మంట పెంచు."

"పెంచాలా? మా అమ్మయితే తగ్గించేది..."

"అయితే మీ అమ్మ దగ్గరికే పోవాల్సింది. పెంచు. నిమ్మకాయ పిండు. రెండు చెక్కలూ."

"విరగదాండీ?"

"నేర్పేది నువ్వా, నేనా?"

"పిండుతున్నా, కోప్పడకండి. మీరెలా చెబితే అలాగే చేస్తాను. ఈసారి కూడా మీరు చేసినట్టు రాకపోతే నా పని అయిపోయినట్టే."

"నేను చేసినట్టేంటి?"

"ఆయనకి ఎప్పుడూ అదే మాట. మొదటావిడ చేపల కూర చేస్తే గిన్నె నాకేవాణ్ణి, నీది కుక్క కూడా ముట్టదు అని."

"ఏమన్నాడూ? మళ్ళీ చెప్పు."

"గిన్నె నాకేవాణ్ణని. మొన్న కూడా అదే అని, పొయ్యి మీద ఉడుకుతున్న కూర తీసి..."

"తీసి? ఆగావేం?"

"నూనె కాదండీ ఇది."

"ఏదీ, ఆ చెయ్యి ఇలా చూపించు."

"ఇదిగోండి."

"పొయ్యి ఆర్పు."

"ఇంకా ముక్క ఉడకలేదు..."

"ఆర్పమంటుంటే! చూడు, అప్పుడే విరిగింది. కావాలనే మంట పెంచమన్నాను. ఇవాళ వాళ్ళందరి ముందూ నీ మొహం మాడిపోవాలని. నేను పడ్డది నువ్వూ పడాలని."

"మీరు పడ్డదా? మీ కూరంటే ఆయనకి ప్రాణం కదండీ!"

"ఇలా రా. ఈ మెడ కింద చూడు. నా జాకెట్లన్నీ పైదాకా కుట్టుకునేది ఇందుకే."

"అయ్యయ్యో... ఇది కూడా కూరేనా?"

"చేపల కూరే. వాళ్ళమ్మ చేసినట్టు లేదని. పొగడ్త మాట దేవుడెరుగు, ఒక్క ముద్ద మెచ్చుకుని తిన్న పాపాన పోలేదు."

"ఇప్పుడేం చెయ్యను? ఇంకో చేప తెచ్చి వండే వేళ కూడా లేదు. పారబోసెయ్యనా?"

"పారబొయ్యకు. ఇదే వడ్డించు. ఆ వచ్చేవాళ్ళంతా చిన్నప్పట్నించీ వాళ్ళింట్లో పడి తిరిగినవాళ్ళేగా?"

"అవును, అందరూ ఆ వీధివాళ్ళే."

"ఇంకేం! ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించగానే, అందరికీ వినబడేలా చెప్పు: అచ్చం మీ అమ్మ చేసినట్టే చేశానండీ అని. చెప్పి అక్కడొక్క క్షణం ఉండకు, తిన్నగా ఇటొచ్చెయ్యి. తలుపు తీసే ఉంచుతాను."

"అలా అంటే ఏమవుతుందండీ?"

"ఒసేయ్, వాళ్ళమ్మ పోయేదాకా చేపని గుమ్మం దాటి లోపలికే రానివ్వలేదే!"