జోయల్ బండి రాని సాయంత్రం

బాగుండెనా వదినా నిన్న సాయంత్రం? గల్లీ అంతా సల్లగా ఉండె గదా. ఒగ హారన్ లేదు, ఒగ కేక లేదు. నీ కోళ్లు గూడా బెదరకుండా గంప కిందికి వాటంతటవే పోయినాయి, నేను సూస్తానే ఉండా. ఎవురన్నా సెప్పినారా నీకు, ఈ ఏడు మా జోయల్ ర్యాలీ ఎందుకు రాలేదో?

సెప్పలేదా. సరే, మాట్లాడొద్దులే. ఏడాది నుంచి మాట్లాడనిదానివి, ఈ పొద్దు మాట్లాడతావని నేనేం ఆశ పెట్టుకోలే. మేస్త్రి మనిద్దర్నీ ఒగే పత్తి కుప్ప కాడ కూసోబెట్టినాడు, అది వాని తప్పు, నాది గాదు. నువ్వు సెత్త ఏరుకుంటా ఉండు. నేను ఏరుకుంటా మాట్లాడతా. ఈ మిల్లు మోతలో నా మాట నీకు తప్ప ఇంగెవురికీ ఇనపడదు.

అట్ల మొగం తిప్పుకుంటే పత్తిలో ఆకు యాడుండాదో ఎట్ల కనపడతాది ప్రేమలతమ్మా? ఇటు తిరుగు.

పొద్దున కొళాయి కాడ సంతోషమ్మ నా సెయ్యి పట్టుకోని ఏడ్సింది. "కొడుకు పేరు మీద ఏటేటా జరిగేది గూడా నిలిపిరే సారమ్మా, ఆ పాపిష్టోళ్లు" అని. నాకు నవ్వొచ్చింది. ఏడిసేటోళ్ల ముందర నవ్వితే బాగుండదని కొంగు అడ్డం పెట్టుకున్యా. నాగేశ్వరయ్య సావుకారు నిలిపినాడని ఊరంతా అనుకుంటాంది. ఆయప్పకూ అదే ఇష్టం మాదిరి ఉండాది. అనుకోనీలే.

తగాదా మొదలయ్యింది మావాని వల్ల గాదు, అది నీకూ తెలుసు. ఈ ఊర్లో దేనికి లేదమ్మా బండ్ల ర్యాలీ? లీడరు పుట్టిన దినమైతే ర్యాలీ. కొత్త సినిమా వస్తే ర్యాలీ. జాతరకు ర్యాలీ. గెలిస్తే ర్యాలీ, ఓడిపోయినోడు నేనింకా ఉండానని సెప్పుకునేకి ర్యాలీ. సైలెన్సర్లు పీకేసి, బండికి ముగ్గురెక్కి, ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఒగటే మోత. అంగళ్లోళ్లు షట్టర్లు దించుకోల్ల. చిప్పగిరి నుంచి పత్తి ఏసుకోనొచ్చిన ట్రాక్టర్లు యార్డు దావలో ఇరుక్కోని నిలబడల్ల.

సావుకార్లంతా ఒగటై ర్యాలీలు నిలపల్లని అర్జీ పెట్టిరి. మెకానిక్కులు, టిఫిన్ బండ్లోళ్లు, జెండాలు కుట్టేటోళ్లు ఒగటై మా పొట్ట కొట్టొద్దని ఇంగో అర్జీ పెట్టిరి. కొట్లాడుకోని కొట్లాడుకోని, ఆఖరికి ఇద్దరూ వచ్చి యాడ నిలబడిరి? నా వాకిట్లో!

ఎందుకంటే అన్నిటికంటే పెద్దది మా జోయల్ ర్యాలీ గదా. లీడరు ర్యాలీకైతే పెట్రోలు పోపిస్తేనే వస్తారు పిల్లోళ్లు. మావాని ర్యాలీకి ఎవురి పెట్రోలు వాళ్లే పోసుకోని వస్తారు. హాలహర్వి నుంచి గూడా వస్తారు, వాన్ని కండ్లతో సూడనోళ్లు గూడా వస్తారు. దాన్ని నిలిపితే ఇంగ అన్నీ నిలుస్తాయంట. దాన్ని పోనిస్తే దేన్నీ నిలపలేరంట.

నాగేశ్వరయ్య సావుకారు నన్ను పిలిపిచ్చి కుర్చీ ఏపిచ్చినాడు వదినా! ఇన్నేండ్లు ఆయప్ప మిల్లు గోడౌన్లో పత్తి ఏరితే ఎన్నడన్నా కూసోమన్న్యాడా? "అమ్మా, నువ్వు కన్నతల్లివి. మా అర్జీలన్నీ ఒక ఎత్తు, నీ మాట ఒక ఎత్తు" అన్న్యాడు. ఆ సాయంత్రమే శేఖర్ వచ్చి నా కాళ్ల కాడ కూసున్యాడు. మావాని జతగాడు, నీకు తెలీనోడా, మనింట్లో తిని పెరిగినోడు. "అమ్మా, నువ్వు కావల్లంటే సాలు, ఎవురు అడ్డమొస్తారో సూస్తాం" అన్న్యాడు.

నా ఒగ్గ మాటకు ఊరే ఇటు తిరుగుతాదంట, అటు తిరుగుతాదంట. మావాడు బతికుండంగా నేను ఎన్ని మాటలు సెప్తే వాడు ఇన్యాడు? మెల్లగా పోరా అంటే ఇన్యాడా?

ఎమ్మిగనూరులో ఎవురో లీడరు ర్యాలీకని పోయి, తిరిగొస్తా వస్తా నిలబెట్టిన పత్తి లారీ కిందికి పోయె. ర్యాలీకి పోయి సచ్చినోనికి మల్ల ర్యాలీ ఏందిరా అని మొదటి ఏడే నేను అడగల్ల. అడగలే. ఎందుకు అడగలేదో సెప్తా, ఇను.

వాడు పోయినాక మా ఇంట్లో వాని పేరు లేకపాయె వదినా. వీరన్న వాని ఫోటో తీసి బట్టల కింద పెట్టినాడు. మొగుడని గాదు గానీ, ఆయన ఏడుపు ఆయనది, కాదనను. పాస్టరు గారు ప్రార్థన సేస్తే "నీ బిడ్డ" అంటాడు, పేరు సెప్పడు. నేను వస్తాంటే కొళాయి కాడ ఆడోళ్లు మాట మారుస్తారు, నేను బాధపడతానని. నాకు బాధేంది? కన్న పేరు ఇనపడకపోతే గదా బాధ.

ఏడాది తిరిగినాక ఒగ సాయంత్రం గల్లీ మొగదాల మోత లేసింది. "జోహార్ జోయలన్నా! జోహార్!" అని. నేను రొట్టె తడ్తాండా. పెనం మీద రొట్టె మాడిపాయె, నేను వాకిట్లోకి ఉరికితి. అన్ని గొంతుల్లో మావాని పేరు! ముందర శేఖర్, ఎర్ర బండి మీద. మా వాకిట్లో నిలబెట్టి, మావాడు మొత్తుకోబెట్టేటట్ల ఆ బండిని మొత్తుకోబెట్టినాడు. మావాడు అమ్మా అని పిలిసేటోడు గాదు గదా, బండిని గుర్రు గుర్రు మనిపిచ్చేటోడు, అన్నం పెట్టు అని.

మావాని బండే, మావాని బండి సప్పుడు నూరు బండ్లలో గూడా పట్టేస్తా అని అందరితో సెప్పుకున్యా. నీతో గూడా సెప్పినా. నువ్వు కండ్లు తుడ్సుకుంటివి ఆ పొద్దు.

అట్ల ఏటేటా ఒగ సాయంత్రం. పండగలు నాకు లేవు, క్రిస్మస్ గూడా లేదు. ఆ ఒగ సాయంత్రమే.

లేయొద్దు. పోయిన ఏడు సంగతి తీస్తాండానని లేసి పోవద్దు వదినా. కూసో. సుమ్కే కూసో, నిన్నేం అడగను. ఊరికే ఇను.

నీకు తెలిసిందే మల్ల సెప్తాండా, నాకూ తెలుసని నీకు తెలియల్ల గదా. నీ కూతురు రూతుకు నొప్పులొచ్చె. నువ్వు ఆటోలో ఎక్కిచ్చుకోని గల్లీ లోపల్నుంచి వస్తివి. మా వాకిలి కాడ్నుంచి మొగదాల దాకా బండ్లు. దావ ఇయ్యండ్రా అని అరిస్తివి. ఆటో దిగి బండ్ల మీద కొడ్తివి. నువ్వు సెయ్యెత్తి అరుస్తాంటే, నువ్వు గూడా జోహార్ అంటాండావనుకోని ఒగ పిల్లోడు నీతో పాటు సెయ్యెత్తినాడంట. ఆ మాట ఇన్నప్పట్నుంచి నాకు అన్నం దిగదు.

ఆస్పత్రికి పోయేసరికి బిడ్డ కడుపులోనే పాయె. మొగపిల్లోడంట గదా. నేను అడగలే, ఎవురో సెప్పినారు.

నేనెక్కడుండా ఆ పొద్దు? ముందర. దండ సేతిలో పట్టుకోని, నువ్వు పిలిస్తే అందే దూరంలో. నీ గొంతు నాకు ఇనపడలే వదినా. ఏసు తోడు, ఇనపడలే. తెల్లారి లేస్తే నీ గొంతే, కోళ్లను పిల్సేది, మొగున్ని తిట్టేది, పాట పాడుకునేది, గోడ అవతల్నుంచి అన్నీ నాకే గదా ఇనపడేది. నూరు బండ్లలో ఒగ బండి సప్పుడు పట్టేదాన్ని, నీ గొంతు పట్టలేకపోతి.

ఇంగోటి సెప్తా. ఇది వీరన్నకు తెలియదు, శేఖర్‌కు తెలియదు. ఆ బండి మావానిది గాదు.

అట్ల సూడొద్దు. గాదు. మావాని బండి లారీ కింద నుజ్జయ్యి, స్టేషన్లోనే తుప్పు పట్టి, వీరన్న పాత ఇనుములోకి ఏసేసినాడు, నాకు సెప్పకుండా. పిల్లోళ్లు అట్లాంటిదే ఇంగోటి యాడనో ఎతికి తెచ్చి, ఎర్ర రంగు కొట్టి, వాని పేరు రాపిచ్చినారు. మొదటి ఏడు, మలుపు తిరక్కముందే నాకు తెలిసిపాయె. మావాని బండి దగ్గి దగ్గి నిలిసేది. ఇది సక్కగా మోగుతాండె.

అయినా దండ ఏసినా. నాకోసరం అంత కష్టపడి అబద్ధమాడిన పిల్లోళ్లను కాదని ఎట్లందును? నాకూ కావల్సుండె వదినా ఆ అబద్ధం. ఏటేటా ఆ బండి హ్యాండిల్ మీద సెయ్యి పెట్టుకోని, మావాడే అనుకోని నిలబడితి. ఎవురిదో బండి! ఎవురిదో బండి కోసరం నేను ఆడ నిలబడితే, ఎనక ఆటోలో నీ మనవడు పాయె.

పోయిన వారం స్టేషన్‌కు పోయినా. ఒగ పక్క సావుకార్లు, ఒగ పక్క పిల్లోళ్లు, నడుమ నేను. "ఏమ్మా, నీ కొడుకు ర్యాలీ కావల్నా, వద్దా? భయపడకుండా సెప్పు" అన్న్యాడు ఎస్సై. వద్దు సార్ అంటిని. అంతే.

సావుకారు సంతోషపడి మజ్జిగ తెప్పిచ్చినాడు. నేను ముట్టలే. శేఖర్ నన్ను తిట్టింటే బాగుండు వదినా. తలకాయ దించుకోని బయటికి పాయె. బండి స్టార్ట్ గూడా సెయ్యలే వాడు. తోసుకుంటా పోయినాడు, రోడ్డు మలుపు దాకా.

నీకోసరమని సెయ్యలే మల్ల. అట్లేం అనుకోవద్దు. న్యాయమని సేసినా, ఊరికి మంచిదని సేసినా.

లేదులే. నీకోసరమే సేసినా. దాసేదేముండాది?

నిన్న ఆ యాలకు నా కాళ్లు నన్ను వాకిట్లోకి తెచ్చినాయి. సిగ్గులేకుండా దండ గూడా తెచ్చి పెట్టుకున్యా. పాలోని బండి మలుపు తిరిగితే దండ పట్టుకోని లేసి నిలబడితి. వాడు పాలు పోసి పాయె. వీరన్న సమాధుల దొడ్డికి పోయి కొవ్వొత్తి ఎలిగిచ్చి వచ్చి, గోడ దిక్కు తిరిగి పండుకున్యాడు. మావాని పేరు ఎవురూ ఎత్తలే వదినా. ఒగ్గరు గూడా. వచ్చే ఏడూ ఇంతే. ఆ మీది ఏడు, వాడొగడు ఉండెనన్నది గూడా ఈ గల్లీకి తెలియదు. నా సేతులారా నేను సేసుకుంటి.

నేను నిన్ను క్షమించమని అడగను. రూతు నా మొగం సూడొద్దన్నా సరే, ఆ పిల్ల ఎట్లంటే అట్ల. ఒగటే అడుగుతా. వాడు సైలెన్సర్ పీకిచ్చుకోని వచ్చినప్పుడంతా నీ వాకిట్లోంచి తిడ్తాంటివి గదా? "ఒరే జోయలూ, నీ బండికి నిప్పు పెట్ట, పసిపిల్లోళ్లు లేస్తారురా" అని. "కోళ్లు కూడా లేయలే అత్తా" అని నవ్వుతాండె వాడు. నువ్వు సాటతో కొట్టను పోతాంటివి.

ఆ తిట్టు ఒగసారి తిట్టు వదినా. వాడు సేసినదానికి తిట్టు. వాని పేరు మీద జరిగినదానికి తిట్టు. ఎంత సెడ్డ తిట్టన్నా సరే, పేరు పెట్టి తిట్టు. ఇంగ ఈ ఊర్లో ఆ పేరు ఎత్తేటోళ్లు నాకు ఎవురుండారు?

తిట్టవా.

సరేలే. పత్తి ఏరుకో. అదిగో, నీ మోకాలి కాడ ఆకు.

...

ఏమంటివి?

కాదు కాదు, ఇనపడింది. ఇంత మోతలో గూడా ఇనపడింది వదినా ఈసారి. ఆ, అను. సచ్చి గూడా సంపినోడు అను, నిజమే గదా. ఏడ్సొద్దు. మేస్త్రి సూస్తే సూడనీ, నువ్వు తిట్టు.

పేరు ఇంగోసారి అను.