బడి గది మీద పేరు

కువైట్‌లోని జహ్రాలో పక్కపక్క ఇళ్ల డ్రైవర్లు ఇద్దరు, ఒకే ఊరివాళ్లు, పొద్దున్నే కార్లు కడుగుతున్నారు.

“మనూరి బడి గది మీద నా పెండ్లాం అంకాలమ్మ పేరు కనపడకుండా రంగు పూసేసినారు. పూయించింది నీ పెండ్లాం పుష్పలత.”

“దాని తప్పేముందన్నా? తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్ గదా. గవర్నమెంటు నిధులొచ్చినాయి, బడంతా ఒకే రంగు ఉండాలన్యారంట. తీర్మానం చేసినారు.”

“ఆ గది కట్టించింది నేను. గవర్నమెంటు కాదు.”

“నిజమే. అయితే ఆ బళ్లో పిల్లోళ్లుండే వాళ్లకే కమిటీలో ఓటు. మనూర్లో కాన్వెంటు బస్సు మొదట ఎక్కింది నీ కొడుకే గదన్నా.”

“అంకాలమ్మ వద్దనింది. ఆ బళ్లో పిల్లోళ్లకు అన్నం వండేది ఆమే. మనోడూ ఆడనే కూసోని తినాలనింది. నేను కువైట్ దొరను గదా, యాడ వింటా? ఆమె పోయినాక మాత్రం గది కట్టిచ్చి, పేరు రాపిచ్చి, కొబ్బరికాయ కొట్టేది ఫోన్లో చూసుకుంటి.”

“బాధపడొద్దన్నా. ఇంకో తీర్మానం చేసి మళ్లా రాపిచ్చమని పుష్పలతకు చెప్తా.”

“వద్దు. బడిని నమ్మింది ఆమె. నేను నమ్మింది బస్సును. ఖలాస్. ఇంక ఈ మాట నా కాడ ఎప్పుడూ ఎత్తొద్దు.”