గడియ లోపలున్న బోను

హలో… ఆ, నేనే… ఇంకెవరు, నీ తమ్ముణ్ణే.

బాగానే ఉన్నాం… అందరం. ముందు ఫోను స్పీకర్లో పెట్టు అక్కా. పెద్దబావని రమ్మను, పిల్లల్ని రమ్మను. ఆ టీవీ కట్టెయ్యమను… లేదు, ఎవరూ పోలేదు. పోతే ఇంత హుషారుగా చేస్తానా?

వచ్చారా?… కూర్చోమను. ఎవరో ఏదో నములుతున్నారు, మింగెయ్యమను… ఆ, ఇప్పుడు వినండి. మధ్యలో ఎవరూ నోరు విప్పకూడదు. విప్పారంటే మళ్ళీ మొదట్నుంచి చెప్తా, టిఫిన్లు చల్లారిపోతాయి, నన్ననొద్దు.

ఇవాళ సాయంత్రం కుక్కపిల్లని తీసుకెళ్ళడానికి వస్తానన్నావు కదా… ఆ… బుట్ట కూడా కొన్నారా?… లోపల దుప్పటి కూడా వేశారా. సరే. సరే. ఆ సంగతికే వస్తున్నా.

ఆ పిల్ల చిన్నబావకెలా వచ్చిందో తెలుసుగా… అదే, తను గేటు బిగించిన ఇంటివాళ్ళు ఇచ్చారు. చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు. పైన పెన్ను, కింద కుక్క. గుండుసూది అని పేరు పెట్టాడు… ఆ పళ్ళు చూస్తే నువ్వూ అదే పెడతావు. చిన్నక్క చెప్పుల్ని జల్లెడ చేసి పెట్టింది.

పగలంతా బంగారం అక్కా. లైటు ఆర్పామా, అందుకునేది. అది మామూలు ఏడుపా… వీధి చివర అంబులెన్సు వచ్చి, కాసేపు విని, దీని ముందు మనమెంతలే అని సైరన్ కట్టేసుకుని పోయింది… నేను చూశాను… సరే, చూసినవాడు చెప్పాడు.

కింద ఇంటి ఓనరున్నాడు కదా— రైళ్ళలో టికెట్లు చూసి రిటైరైనాయన. ఇప్పటికీ మన మొహంకేసి చూస్తే జేబులు తడుముకోవాలనిపిస్తుంది. ఆయన పైకొచ్చి తేల్చి చెప్పేశాడు. శనివారం రాత్రి దాకా ఓపిక పడతాడట. ఆ రాత్రి కూడా కుయ్యిమన్నదా, ఆదివారం కుక్కన్నా వెళ్ళాలి, మీరన్నా వెళ్ళాలి… అందుకేగా చిన్నక్క నీకు ఫోన్ చేసింది.

చిన్నబావా… ఏమంటాడు. కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. షాపులో ఇనప రేకు కాలిమీద పడితే పకపకా నవ్విన మనిషి అక్కా… ఆ రాత్రి ముక్కు చీదుకుంటూ లేచెళ్ళిపోయాడు. జలుబట… ఏ జలుబూ లేదు.

డాక్టరమ్మ దగ్గరికెళ్ళాం… కుక్కల డాక్టరమ్మే, బావకి ఎవరేం చూస్తారు. ఆవిడ చక్కగా చెప్పింది. చిన్న బోను కావాలి. పగలు తలుపు తీసి ఉంచి, లోపల బిస్కెట్టు ముక్కలేస్తుంటే అదే తన గది అనుకుంటుంది. పడుకునే ముందు బయటికి తిప్పాలి. ఏడవగానే ఎత్తుకోకూడదు. మీ వాసన తగిలేట్టు పాత చొక్కా ఒకటి లోపల వెయ్యండి… అంతే చెప్పింది. ప్లాస్టిక్‌ది కొట్లో దొరుకుతుందని కూడా చెప్పింది.

కొంటాడా… వెల్డింగు షాపు పెట్టుకున్నవాడు బోను కొంటే పరువుంటుందా?

చేశాడు. జీవితమంతా గేట్లు చేసిన చెయ్యి అక్కా అది. బోను చెయ్యమంటే గేటే చేసింది. నాలుగు వైపులా నాలుగు గేట్లు, నెత్తిమీద ఇంకోటి. చుట్టూ బల్లెం మొనలు. ముందు సింహం మొహం… కుక్కపిల్లకే. మెట్లమీద మోసుకొస్తుంటే పక్కింటివాళ్ళు లిఫ్టు బిగిస్తున్నారనుకుని, మేం కూడా వాడుకోవచ్చా అని అడిగారు.

హాల్లో పెట్టాం, నా పరుపు పక్కనే. పిల్లని లోపలికి పంపాం. తలుపు మూశాం. గడియ వేద్దామని చూస్తే… లేదు.

ఉంది. లోపల ఉంది.

ఆ… ఎందుకంటే ఏం చెప్పను? గేటుకి గడియ లోపలే కదా పెట్టేది. అలవాటైన చెయ్యి అక్కడే పెట్టింది… సందులోంచి చెయ్యి పెట్టొచ్చుగా అంటావా? పిల్ల ఎక్కడ దూరిపోతుందోనని చుట్టూ ఇనప జాలీ కొట్టాడు. వేలు కూడా పట్టదు.

చిన్నక్క నవ్వింది. అక్కడే చెడింది. ఆవిడ నవ్వకపోతే పొద్దున్నే కోసి బయట అతికించేసేవాడు. నవ్వేసరికి మీసం లేచింది. "గడియ బయటుండేది జైలుకి. నేను ఇళ్ళకి చేస్తాను, జైళ్ళకి చెయ్యను" అన్నాడు.

మరి గడియ ఎవరెయ్యాలి?… అంతే కదా, లోపలున్నవాళ్ళే వెయ్యాలి…

ఆ. దూరాడు. దిండు చంకలో పెట్టుకుని దూరి, గడియ వేసుకుని, లైటార్పమన్నాడు. పాత చొక్కా వెయ్యమన్నారు కదా అని చిన్నక్క అడిగితే, చొక్కాలో మనిషే ఉండగా విడిగా చొక్కా ఎందుకన్నాడు.

ఎలా పట్టాడా… మోకాళ్ళు చెవులకి ఆనించుకుని. పక్కనుంచి చూస్తే మడతమంచం లాగున్నాడు.

కానీ అక్కా… కుయ్యి లేదు. కయ్యి లేదు. ఆ మీసంలో ముక్కు పెట్టుకుని పడుకుంది. పొద్దున్నే ఓనరు పైకొచ్చాడు, కుక్క బతికే ఉందా అని.

అలా ఆ వారమంతా లోపలే… చిన్నక్కా? మొదట మంచమంతా తనదేనని సంబరపడింది. తర్వాత మొహం మారింది. మొగుణ్ణి పలకరించాలంటే సింహం మొహం దగ్గర కూర్చుని జాలీలోంచి మాట్లాడాలి. జైల్లో ములాకాతుకి వెళ్ళినట్టుంది తమ్ముడూ అంది నాతో.

పిల్లకి పగటి పూట శిక్షణంతా ఆవిడే ఇచ్చింది, నిజం చెప్పాలంటే. బిస్కెట్టు ముక్కలెయ్యడం, వెళ్తే మెచ్చుకోవడం, ఏడిస్తే చెవుల్లో దూది పెట్టుకోవడం. పిల్ల ఎంత నేర్చిందంటే, నిద్రొస్తే తనే వెళ్ళి పడుకుంటోంది. కూరలామె వచ్చి అరిచినా కదలదు.

దాంతో నిన్న… ఆ, శనివారమే, గడువు రోజు… చిన్నక్క పంతం పట్టింది. ఇవాళ నువ్వు మంచంమీద, పిల్ల ఒక్కతే బోనులో. ఉంటే ఉంటుంది, లేకపోతే రేపు పెద్దక్క తీసుకెళ్తుంది అంది. బావ ఎంత బతిమాలాడో. చివరికి ఒంటిమీది చొక్కా విప్పి లోపల పరిచి, తలుపు దగ్గరికేసి, స్టూలు అడ్డం పెట్టి, వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు. ఊరెళ్తున్నట్టు. పిల్ల లేస్తే చూడాలని చిన్నక్క హాల్లోనే చాప వేసుకుంది.

పిల్ల చొక్కామీద గుండ్రంగా తిరిగింది. ధబ్బుమని పడింది. నిద్ర.

హమ్మయ్య అనుకున్నా. కన్నంటుకుందో లేదో…

కుయ్యి.

మెల్లగా. తర్వాత ఇంకాస్త గట్టిగా… ఆ, అదే ఏడుపు, అదే రాగం. అయిపోయింది, బుట్ట వచ్చేస్తుంది అనుకున్నా.

మెట్లమీద టార్చిలైటు. ఓనరు. వెనకాల వాళ్ళమ్మ, రెయిలింగు పట్టుకుని. గడియారం కూడా తెచ్చుకున్నాడు, ఎన్ని గంటలకి ఏడ్చిందో చూపించడానికి. నేనూ చిన్నక్కా తలుపు తీశాం. లైటేశాం. చూస్తే…

గుండుసూది వెల్లకిలా పడుకుని ఉంది. నాలుక పక్కకి జారిపోయి, కాళ్ళు నాలుగూ పైకి… నిద్ర. ఏడుపు మాత్రం ఆగలేదు.

…ఆ. ఆ. పడగ్గదిలోంచే.

నవ్వకండి, అసలుది ఇక్కడే ఉంది. వెళ్ళి చూశాను. మంచంమీద మడతమంచంలా ముడుచుకుని, కళ్ళు మూసుకుని, కుయ్యి కుయ్యిమంటూ… నిద్రలో గోడని తడుముతున్నాడు. గడియ కోసం.

ఓనరు ఇంకా ఇంట్లోకి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "కుక్కేగా?" అన్నాడు.

చిన్నక్క నా మొహం చూసింది. ఆలోచించు… అవును అంటే మొగుడి పరువు దక్కుతుంది, పిల్ల నీ ఇంటికొస్తుంది. కాదంటే వీధంతా నవ్వుతుంది. పుట్టింట్లో, నీ దగ్గర కూడా, ఆయన మీద ఇంతవరకు ఒక్క మాట పడనివ్వని మనిషి కదా… అవునా కాదా?

"కాదండీ. మా ఆయన" అంది.

…ఆ, అలాగే అంది. తల కూడా దించుకోలేదు.

ఓనరు బోను దగ్గరికెళ్ళి, వంగి, టార్చి వేసి పిల్లని పైనుంచి కిందిదాకా తనిఖీ చేశాడు. అది ఒక కాలు కదిపి మళ్ళీ పడుకుంది. కుక్క మీద ఫిర్యాదు లేదన్నాడు. మనుషుల ఏడుపు గురించి తనెప్పుడూ ఏమీ చెప్పలేదు కాబట్టి ఇప్పుడూ చెప్పలేనన్నాడు. ఉంచుకోమన్నాడు.

కాబట్టి అక్కా… సాయంత్రం రావద్దు.

…ఎవరు, చిన్నోడా? ఏడవకురా. సెలవులకి రా, మీ పిన్ని బిస్కెట్లేస్తుంది, బాబాయి పక్కన చోటిస్తాడు… బుట్టలో ఉల్లిపాయలు పోసుకో అక్కా, ఏం పోయింది… ఆ, ఏడ్చింది తనేనని బావకింకా తెలీదు. పొద్దున్నుంచీ ఆ పిల్ల ఎంత బుద్ధిమంతురాలో వీధంతా చెప్పుకొస్తున్నాడు. డాక్టరమ్మని అడిగి బావక్కూడా మెల్లగా మాన్పిస్తుందట చిన్నక్క. మంచం బోను పక్కనేసి, రోజుకి కాస్త దూరం జరుపుతూ…

ఉండు, పెట్టెయ్యకు. బావ మెట్లెక్కుతున్నాడు, ఈ ఒక్కటీ చెప్పి పెట్టేస్తా. రాత్రి ఆ ఏడుపు ఆగాలిగా, చిన్నక్క స్టూలు జరిపి ఆయన్ని నిద్రలోనే నడిపించుకొచ్చింది. కళ్ళు తెరవకుండానే లోపలికి దూరి, గడియ వేసుకుని, పిల్ల పక్కన ముడుచుకున్నాడు. ఓనరు వాళ్ళమ్మ అదంతా చూసింది. జాలీకి కళ్ళజోడు ఆనించి మరీ చూసింది. చూసి, చిన్నక్కని పక్కకి పిలిచి, చెవిలో చెప్పినట్టుగా… "చిన్నదాని సంగతి సరేనమ్మా, ఆ పెద్దదానికి టీకాలు వేయించావా?"